కొత్త ఫ్లాట్‌కీ వారంటీ ఉంది... మీ తారీఖు మీకు తెలుసా?

ఫోన్ కొంటే ముందు వారంటీ ఎన్నాళ్లని అడుగుతాం. మిక్సీ కొంటే కార్డు మీద షాపువాడి స్టాంపు వేయించుకుని బీరువాలో దాస్తాం. రెండు వేలు పెట్టి కొన్న ఇయర్‌బడ్స్ ఆర్నెల్లకే మూగబోతే సర్వీస్ సెంటర్ దగ్గర లైన్‌లో నిలబడి మరీ కొత్తవి తెచ్చుకుంటాం. మరి అరవై లక్షలు పెట్టి, ఇరవై ఏళ్ల ఈఎంఐ నెత్తినేసుకుని కొన్న ఫ్లాట్‌కి వారంటీ ఎన్నాళ్లు?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది నవ్వుతారు. "ఇంటికి వారంటీ ఏంటండీ!" అంటారు. మా నాన్న కూడా అలాగే అన్నారు. నిజం చెప్పాలంటే, వారం వారం మీకు సలహాలు చెప్పే నాకు కూడా మా సొంతింటి విషయంలో ఈ సంగతి తట్టలేదు. ఇంకో రెండు నెలలు ఆలస్యం అయ్యుంటే ఆ హక్కు చేజారిపోయేదే. అందుకే ఈ వారం మా ఇంటి గోడ కథ.

మా గోడ కథ

నాన్న రిటైరయ్యాక వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ, ఊళ్లో అర ఎకరం అమ్మిన డబ్బు, వాటి పైన నా పేరు మీద లోను. అన్నీ కలిపితే హైదరాబాద్‌లో ప్రగతి నగర్ వైపు నాలుగో అంతస్తులో ఓ రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ వచ్చింది. తాళాలు చేతికిచ్చింది 2020 మార్చి 12న. పది రోజులు తిరక్కుండానే లాక్‌డౌన్. గృహప్రవేశం ఆ ఏడాది కార్తీకమాసంలో గానీ కుదరలేదు.

2022 వానాకాలంలో బెడ్‌రూమ్ గోడ మీద అరచేయంత మచ్చ కనిపించింది. బాత్రూమ్ పైపులు దిగే డక్ట్‌కి ఆనుకున్న గోడ అది. మరుసటి ఏడాదికి మచ్చ దుప్పటంత అయింది. పుట్టీ ఉబ్బి పెచ్చులు ఊడటం మొదలైంది. అమ్మ మంచం ఇటు నుంచి అటు జరిపింది. ఆ గదిలో పడుకుంటే నాన్నకి దగ్గు.

బిల్డర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ప్రతిసారీ ఒకటే మాట. "చూస్తాం సార్, మేస్త్రిని పంపిస్తాం." మేస్త్రి ఒకసారి వచ్చాడు, గోడ మీద తట్టి చూసి వెళ్లిపోయాడు. ఇంకోసారి ఫోన్ చేస్తే, "హైదరాబాద్‌లో వానాకాలం అందరి గోడలూ ఇంతే సార్" అన్నారు. ఆఖరికి, "రిజిస్ట్రేషన్ అయిపోయి అసోసియేషన్‌కి అప్పజెప్పేశాం కదా, ఇప్పుడు మాకు సంబంధం లేదు" అని తేల్చేశారు. నాన్న బయట మేస్త్రిని పిలిపిస్తే లక్షా నలభై వేలు అవుతుందన్నాడు. "పోనీలే అమ్మా, సంక్రాంతి అయ్యాక చేయించుకుందాం. ఎవరితో పోట్లాడతాం?" అన్నారు నాన్న.

2025 జనవరిలో ఈ కాలమ్‌కి ఓ పాఠకురాలు ప్రశ్న పంపింది. తన కొత్త ఫ్లాట్‌లో టైల్స్ పైకి లేస్తున్నాయట, బిల్డర్‌ని అడగొచ్చా అని. జవాబు రాద్దామని రెరా చట్టం తెరిచాను. సెక్షన్ 14, సబ్ సెక్షన్ 3. చదివాను. మళ్లీ చదివాను. వెంటనే నాన్నకి ఫోన్ కొట్టాను. "నాన్నా, పొసెషన్ లెటర్ మీద తారీఖు ఏముందో చూడండి!"

చట్టం ఏమంటోంది?

రెరా అంటే 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టం. ఇప్పుడు మనం చెప్పుకుంటున్న సెక్షన్ 14 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. అందులో 14(3) సారాంశం మన మాటల్లో ఇదీ:

పొసెషన్ ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం గానీ, పనితనంలో, నాణ్యతలో, ఇస్తామన్న సౌకర్యాల్లో లోపం గానీ కనిపించి, దాన్ని కొన్నవాళ్లు బిల్డర్ దృష్టికి తీసుకెళ్తే, 30 రోజుల్లోగా, అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా సరిచేయడం బిల్డర్ బాధ్యత. చేయకపోతే కొన్నవాళ్లకి నష్టపరిహారం పొందే హక్కు ఉంటుంది.

ఇందులో మూడు ముక్కలు జాగ్రత్తగా పట్టుకోండి.

మొదటిది, 'పనితనం, నాణ్యత' అనే మాట. లోపం అనగానే పిల్లర్ వంగడం, స్లాబు కుంగడం లాంటివే అనుకుంటాం. బిల్డర్ ఆఫీసులో కూడా "స్ట్రక్చర్‌కి మాత్రమే ఐదేళ్లు సార్, చెమ్మకీ టైల్స్‌కీ కాదు" అంటారు. చట్టం అలా విడదీయలేదు. స్ట్రక్చర్‌లో లోపం 'లేదా' పనితనంలో, నాణ్యతలో మరే లోపమైనా అంది. వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా చేయక గోడకి ఊట రావడం, కింద గుల్లగా ఉండి టైల్స్ లేవడం, వాలు సరిగ్గా లేక బాత్రూమ్‌లో నీళ్లు నిలవడం, ప్లాస్టరింగ్ పగలడం, ఇవన్నీ పనితనం కిందికే వస్తాయి.

రెండోది, 'పొసెషన్ ఇచ్చిన రోజు'. లెక్క గృహప్రవేశం చేసిన రోజు నుంచి కాదు. రిజిస్ట్రేషన్ రోజు నుంచి కాదు. మచ్చ మొదట కనిపించిన రోజు నుంచి అసలే కాదు. మా నాన్న లెక్క గృహప్రవేశం నుంచి. ఆ లెక్కన 2025 నవంబర్ దాకా టైముంది. అసలు లెక్కలో మాకు మిగిలింది 2025 మార్చి దాకా, అంటే బొటాబొటీగా రెండు నెలలు. "సంక్రాంతి అయ్యాక" అని ఇంకో పండగ దాకా వాయిదా వేసుంటే ఉగాదికే హక్కు పోయుండేది.

మూడోది, 'దృష్టికి తీసుకెళ్తే'. లోపం ఐదేళ్ల లోపు కనిపిస్తే చాలదు, ఐదేళ్ల లోపు బిల్డర్‌కి చెప్పాలి. చెప్పినట్టు రేపు రుజువు చేయగలగాలి. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇక "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా" అనే మాటకి జవాబు సెక్షన్ 11లో ఉంది. సేల్ డీడ్ రాసిచ్చేసినా సరే, ఈ ఐదేళ్ల బాధ్యత బిల్డర్ మీదే కొనసాగుతుందని అక్కడ ఖరాఖండీగా రాశారు. కొన్ని అగ్రిమెంట్లలో 'వారంటీ ఒక సంవత్సరం' అని ఉంటుంది. దానికీ భయపడక్కర్లేదు. ఇతర చట్టాల్లో దీనికి విరుద్ధంగా ఏమున్నా ఈ చట్టం మాటే చెల్లుతుందని సెక్షన్ 89 చెబుతోంది. అలాంటప్పుడు అగ్రిమెంట్‌లో ఒక లైను రాసినంత మాత్రాన ఐదేళ్లు ఒక ఏడాది అయిపోదు.

కింది ఫ్లోర్ ఆంటీ ఈమెయిల్

మా గోడకి సరిగ్గా కింద, మూడో అంతస్తులో ఓ ఆంటీ ఉంటారు. అదే డక్ట్, అదే ఊట. ఆవిడకి తాళాలు మాకంటే ముందే, 2019 అక్టోబర్‌లో ఇచ్చారు. లెక్క వేస్తే ఆవిడ ఐదేళ్లు 2024 అక్టోబర్‌కే అయిపోయాయి. ఒకే బిల్డింగ్, ఒకే పైపు. మాకేమో ఇంకా హక్కుంది, ఆవిడకి లేదు!

"ఎన్నిసార్లు ఫోన్ చేశానో ఆ దేవుడికే తెలుసు అమ్మా" అన్నారు ఆవిడ. సమస్యంతా అక్కడే. దేవుడికి తెలుసు, కానీ ఆయన వచ్చి రెరాలో సాక్ష్యం చెప్పడు కదా. కాల్ హిస్టరీ ఎప్పుడో చెరిగిపోయింది. వచ్చి చూసిన మేస్త్రి పేరు కూడా గుర్తులేదు.

ఆ రాత్రి ఆవిడ డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు. అతనికి ఒక విషయం లీలగా గుర్తొచ్చింది. సెలవులకి వచ్చినప్పుడు గోడ చూసి, ఫొటోలు తీసి, బిల్డర్ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టాడట. వెతికితే దొరికింది. 2022 సెప్టెంబర్. నాలుగు లైన్లు, మూడు ఫొటోలు. దాని కింద బిల్డర్ వైపు నుంచి ఆటోమేటిక్‌గా వచ్చిన జవాబు, మీ ఫిర్యాదు అందింది అని నంబరుతో సహా.

ఆ నాలుగు లైన్లే ఆవిడ హక్కుని నిలబెట్టాయి. ఎందుకంటే ఐదేళ్ల లోపు జరగాల్సింది బిల్డర్‌కి తెలియజేయడం. అది 2022లోనే జరిగింది. బిల్డర్ ఇన్నాళ్లూ రిపేరు చేయకపోవడం ఆవిడ తప్పు కాదు. చట్టం ఫలానా ఫారంలోనే చెప్పాలని కూడా అనలేదు. ఈమెయిల్ పనికొస్తుంది. బిల్డర్ మనిషికి పంపిన వాట్సాప్ మెసేజ్ కూడా రుజువుగా చూపించొచ్చు, చాట్ డిలీట్ చేయకుండా ఉంటే. ఫోన్‌లో అరిచిన అరుపులు మాత్రం గాలిలో కలిసిపోతాయి.

మేం ఏం రాశాం?

లాయర్ నోటీసు కాదు. మామూలు తెలుగు తెలిసిన ఎవరైనా రాయగల ఉత్తరం. మీకు పనికొస్తుందని దాని నమూనా ఇస్తున్నా. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

"మీ ప్రాజెక్టులో ఫ్లాట్ నంబర్ ఫలానా యజమానులం. ఫలానా తేదీన మాకు పొసెషన్ ఇచ్చారు. బెడ్‌రూమ్‌లో డక్ట్ వైపు గోడకి నీటి ఊట వస్తోంది. ప్లాస్టరింగ్ ఊడిపోతోంది. మొదట గమనించింది ఫలానా నెలలో. ఫలానా తేదీల్లో తీసిన ఫొటోలు జత చేస్తున్నాం. రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం ఈ లోపాన్ని 30 రోజుల్లోగా ఉచితంగా సరిచేయాలని కోరుతున్నాం. పైకి రంగు వేయడం కాకుండా ఊటకి కారణం కనిపెట్టి బాగుచేయాలి. మీ మనిషి ఎప్పుడు వస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి."

అంతే. తిట్లు లేవు, బెదిరింపులు లేవు. అగ్రిమెంట్‌లో రాసున్న బిల్డర్ అడ్రసుకి పోస్టులో, డెలివరీ అయినట్టు రుజువు వచ్చేలా పంపాం. అదే ఉత్తరం ఈమెయిల్‌లో కూడా. 'పైకి రంగు వేయడం కాకుండా' అనే ముక్క మా అమ్మ చేర్పించింది. అది ఎంత అవసరమో తర్వాత తెలిసింది.

ఫొటోలు ఎక్కడివనుకుంటున్నారా? జనవరిలో గోడ ఎండిపోయి ఉంటుంది, మచ్చ తప్ప ఏమీ కనపడదు. అదృష్టం కొద్దీ అమ్మ 2022, 2023 వానల్లో ఫ్యామిలీ గ్రూప్‌లో "చూడండి గోడ గతి" అని పెట్టిన ఫొటోలు ఉన్నాయి. గ్రూప్‌లో మేమెవరం ఒక్క రిప్లై కూడా ఇవ్వలేదు. ఇప్పుడు అవే పనికొచ్చాయి.

ఏ లోపానికైనా వర్తిస్తుందా?

లేదు. ఇక్కడ మనం కూడా న్యాయంగా ఉండాలి.

మీరు వంటిల్లు పెద్దది చేద్దామని గోడ కొట్టించి, ఆ పక్కన పగులు వస్తే బిల్డర్‌ని అడిగితే ఒప్పుకోడు, మీ కేసు కూడా నిలబడటం కష్టం. ఇంటీరియర్ వాళ్లు పైపులు కదిపి లీకేజీ తెప్పించినా అంతే. వాడకంలో అరిగేవి, రంగు వెలిసిపోవడం లాంటివి లోపాలు అనలేం. లిఫ్టు, మోటారు, గీజరు లాంటివాటికి కంపెనీల వారంటీలు వేరుగా ఉంటాయి, ఆ కార్డులు బిల్డర్ దగ్గర నుంచి అడిగి తీసుకోండి. అద్దెకుంటున్నవాళ్లు నేరుగా ఈ సెక్షన్ కింద అడగలేరు, ఓనర్ చేత రాయించాలి.

మెట్లు, సెల్లార్, టెర్రస్, డ్రైనేజీ లాంటి ఉమ్మడి చోట్ల లోపాలుంటే అసోసియేషన్ తరఫున రాయొచ్చు, ఫిర్యాదు కూడా చేయొచ్చు. టెర్రస్ లీకైతే పై అంతస్తువాళ్ల గొడవే అనుకుని మిగతావాళ్లు ఊరుకుంటారు. అలా ఊరుకోకండి.

30 రోజులైనా రాకపోతే?

తెలంగాణకీ, ఆంధ్రప్రదేశ్‌కీ విడివిడిగా రెరా అథారిటీలు ఉన్నాయి. రెండిటికీ వెబ్‌సైట్లున్నాయి, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ముందు మీ ప్రాజెక్టు రెరా నంబరు వెతికి పెట్టుకోండి, బ్రోషర్ మీదా అగ్రిమెంట్‌లోనూ ఉండాలి.

ఒక చిన్న మెలిక ఉంది. లోపం సరిచేయించమని అడగాలంటే అథారిటీ ముందుకి వెళ్లాలి. నష్టపరిహారంగా డబ్బు కావాలంటే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందుకి వెళ్లాలి. ఆయన జిల్లా జడ్జి హోదాలో ఉన్నవారో, పనిచేసినవారో అయ్యుంటారు. రెండిటికీ ఫారాలు వేరు. మీకేం కావాలో తేల్చుకున్నాకే ఫారం నింపండి. పరిహారం దరఖాస్తుని 60 రోజుల్లో తేల్చాలని చట్టం అంటోంది. అంతకు మించితే కారణం రాయాలి. తేదీలు అటూ ఇటూ జరుగుతుంటాయి కాబట్టి కాస్త ఓపిక పెట్టుకునే వెళ్లండి.

రెరా కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ఇళ్ల నిర్మాణం కూడా 'సేవ' కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. రెరా వచ్చినంత మాత్రాన ఆ దారి మూసుకుపోలేదని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో మళ్లీ చెప్పింది. మీరు కట్టిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. అయితే అక్కడ గడువు రెండేళ్లే. ఏం చేయాలో అర్థం కాకపోతే 1915కి ఫోన్ చేసి అడగండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

చిన్న అపార్ట్‌మెంట్ కొంటున్నారా?

ఇది మాత్రం కొనబోయేవాళ్లు తప్పకుండా చదవండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 మీటర్లంటే మన లెక్కలో దాదాపు 600 గజాలు. మన కాలనీల్లో మూడొందల గజాల్లో కట్టే అపార్ట్‌మెంట్లు ఎన్నో ఈ లెక్కలోకి వస్తాయి. తెలంగాణలో ఇంకో విషయం, అక్కడి నిబంధనల ప్రకారం 2017 జనవరి 1 నుంచి పర్మిషన్ వచ్చిన ప్రాజెక్టులకే రిజిస్ట్రేషన్. చిన్న బిల్డింగుల విషయంలో తిన్నగా పోగలిగే దారి వినియోగదారుల కమిషనే. కాబట్టి అలాంటి చోట కొంటుంటే, లోపాల బాధ్యత ఐదేళ్లు బిల్డర్‌దేనని అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. తెలిసినవాడే కదా అని మొహమాటపడకండి. తెలిసినవాడైతే సంతకం పెట్టడానికి ఇబ్బందేముంది?

తాళాలు తీసుకునే రోజు ఇంకో కాగితం ముందు పెడతారు. 'ఫ్లాట్ అంతా సంతృప్తికరంగా ఉంది, ఎలాంటి క్లెయిములూ లేవు' అని ఉంటుంది. ఆ సంతోషంలో చూడకుండా సంతకం పెట్టేస్తాం. ముందు అన్ని కుళాయిలూ తిప్పండి, బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి, టైల్స్ మీద నాణెంతో తట్టి గుల్ల శబ్దం వస్తుందేమో వినండి. కనిపించిన లోపాలు అదే కాగితం మీద రాసి, తర్వాత సంతకం పెట్టండి.

ఇంతకీ మా గోడ?

ఉత్తరం చేరిన పందొమ్మిదో రోజు బిల్డర్ ఇంజినీరు వచ్చాడు. మొదట పెయింటర్‌ని వెంటబెట్టుకునే వచ్చాడు. అమ్మ ఉత్తరం కాపీ చూపించి, "ఇందులో ఏం రాశామో చదవండి బాబూ" అంది. పెయింటర్ వెనక్కి వెళ్లాడు. మరో వారానికి ప్లంబర్ వచ్చి డక్ట్‌లోకి దిగి చూస్తే, ఐదో అంతస్తు దగ్గర డ్రెయిన్ పైపు జాయింట్ సరిగ్గా అతకనేలేదు. మొదటి రోజు నుంచీ కారుతూనే ఉంది. జాయింట్ మార్చి, గోడ బయటి వైపు వాటర్‌ప్రూఫింగ్ చేసి, లోపల మళ్లీ ప్లాస్టరింగ్ చేశారు. రూపాయి అడగలేదు.

ఆంటీకి మాత్రం మొదట "మీకు ఐదేళ్లు దాటిపోయాయి మేడమ్" అన్నారు. ఆవిడ ఫోన్ తీసి కొడుకు ఈమెయిల్ చూపించారు. ఇంజినీరు రెండు నిమిషాలు చదివి, ఎవరితోనో మాట్లాడి, "సరే, ఇదీ కలిపి చేసేస్తాం" అన్నాడు.

అంతా బంగారంలా అయిందనుకోకండి. కొత్తగా వేసిన రంగు పాత రంగుతో కలవలేదు, గోడ రెండు రంగుల్లో కనిపిస్తుంది. పోయిన వానాకాలం ఆ గోడ పొడిగానే ఉంది గానీ, హాల్లో కిటికీ మూల కొత్తగా చిన్న చెమ్మ కనిపించింది. దానికి మాకు గడువు లేదు, అది మేమే చేయించుకోవాలి. నాన్న మాత్రం ఆ గదిలోనే పడుకుంటున్నారు. దగ్గు తగ్గింది.

ఈ వారం మీకో చిన్న పని. మీదో, మీ అమ్మానాన్నలదో, మీ అక్కదో పొసెషన్ లెటర్ వెతికి తారీఖు చూడండి. ఫోన్ క్యాలెండర్‌లో రెండు రిమైండర్లు పెట్టండి. ఒకటి ఏటా అక్టోబర్‌లో, వానలు వెళ్లగానే ఇల్లంతా ఓసారి చూసుకోవడానికి. రెండోది సరిగ్గా నాలుగేళ్ల తొమ్మిది నెలలకి, మిగిలిన లోపాలన్నీ ఒకే ఉత్తరంలో రాసి పంపడానికి. ఫ్యామిలీ గ్రూప్‌లో అమ్మ గోడ ఫొటో పెడితే ఊరికే స్క్రోల్ చేసేయకండి. ఆ ఫొటోని అప్పుడే బిల్డర్‌కి ఈమెయిల్ చేసేయండి.